ఊదకూడని అద్దం

పన్నెండింటికి పూత మేస్త్రికి బేడీలు పడతాయని చెప్పి చీఫ్ ఫోన్ పెట్టేశాడు. అప్పటికి పదకొండున్నర.

ఆర్నెల్లుగా ఆ ల్యాబ్‌లో నేల తుడుస్తున్న మనిషి నిజానికి గూఢచారి. అక్కడ తయారయ్యే అద్దం మీద విదేశీ ముఠా కన్నేసింది. లోపల ఉన్న దొంగను పట్టడం అతని మిషన్. మాప్ కర్రలో మైక్రోఫోన్, జేబులో మారుపేరున్న కార్డు. ఆ పేరుతోనైనా పిలిచేవాళ్లు లేరు. మేస్త్రి ఒక్కడే "తమ్ముడూ" అనేవాడు. అమ్మ పోయాక అతన్ని ఇంటివాడిలా పిలిచిన గొంతు అదొక్కటే. ఇప్పుడు ఆ దొంగ ఈ ముసలాయనే అంటున్నారు.

అద్దమంటే మొహం చూసుకునేది కాదు. గిన్నెలా వంపు తిరిగి ఉంటుంది. మామూలు అద్దం మింగేసే ఎక్స్-రే కాంతిని ఇది తిప్పికొడుతుంది. వెంట్రుకను ఇరవై వేల పొరలుగా చీలిస్తే ఒక్కటి ఎంతో, అంత పలచటి పూతలు ఎనభై వేయాలి, అదీ వంపు మీద. నాలుగేళ్ల పని మరి, ఊపిరి తడి తగిలినా పాడే. అందుకే ఆ బల్ల దగ్గర అందరూ మాస్కులో కూడా ఊపిరి బిగపట్టేవారు. తుమ్మొస్తే మేస్త్రి గదే దాటేసేవాడు.

ఆయన్ని అనుమానించమని చీఫ్‌కి చెప్పింది మేడమ్. చీఫ్ పంపిన రెండో ఏజెంట్, నేల తుడిచేవాడూ ఏజెంటేనని ఆమెకు తెలీదు. పదేళ్లు ఈ పూతల పనే చేసింది. ఆమె నవ్వితే కాపలావాళ్లు గేటు వేయడం మరిచిపోయేవారు.

అద్దాన్ని బయటికి పంపేముందు చివరి తనిఖీ ఆమెదే. పెట్టె తెరిచింది. అద్దం మీద దూదిపోగు. మాస్కు కిందికి లాగి "ఉఫ్" అని ఊదేసింది.

మేస్త్రి గుండె పట్టుకుని కూలబడ్డాడు. గూఢచారి చేతిలో మాప్ ఆగింది. పదేళ్లు ఊపిరి బిగపట్టిన మనిషి అసలు అద్దం మీద ఊదదు. ఊదిందంటే, అది నకిలీదని ఆమెకు తెలుసు.

పన్నెండింటికి ఇంకా రెండు నిమిషాలు. మేడమ్ మేకప్ పెట్టె పట్టుకుని గుమ్మం దాటబోయింది. మాప్ అడ్డం పడింది.

"దారి వదులు."

"నేల తడిగా ఉందండీ, జారతారు," అంటూ పెట్టె లాక్కున్నాడు. అడుగు అరలో అసలు అద్దం.

"నువ్విక్కడ ఉన్నావని కూడా గమనించలేదే," అంది మేడమ్.

"అదే కదండీ నా ఉద్యోగం."

బేడీలు వేళకే వచ్చాయి, చేతులే మారాయి. చీఫ్ ఒంటిగంట బస్సు ఎక్కమన్నాడు. కొత్త ఊరు, కొత్త పేరు. వెళ్లేముందు మేస్త్రికి అసలు పేరు చెబుదామని నోరు తెరిచాడు. రూలు గుర్తొచ్చి మూసుకున్నాడు.

"పేరెందుకులే," అన్నాడు మేస్త్రి, ఆ మొహం చూసి. "కానీ ఒక్క మాట. మూలలు నువ్వెప్పుడూ సరిగా తుడవలేదు, తమ్ముడూ."