సెల్లార్ తడి, స్టీలు చెంబు

స్ట్రైకర్ సగం దూరం పోయి ఆగిపోయింది.

సంజన మళ్లీ కొట్టింది. ఈసారి ఇంకా ముందే ఆగింది. క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లింది. పౌడర్ జల్లులా రాలలేదు. ముద్దలు ముద్దలుగా పడింది.

"అక్కా, బోర్డుకు జ్వరమొచ్చిందేమోనే" అంది చెల్లెలు ప్రవళిక.

"జోకులు తర్వాత. ఆదివారం మొయినాబాదోళ్లు వస్తున్నరు, ఎరుకేనా?"

ఎరుక లేకేం! మొయినాబాద్‌లో మేనత్త కొడుకు సాయి కిరణ్, వాడి దోస్తు శ్రీకాంత్ ఒక జట్టు. చేవెళ్లలో అక్కచెల్లెళ్లిద్దరూ ఒక జట్టు. గెలిచినవాళ్లకు కప్పు ఒక స్టీలు చెంబు. అది నానమ్మ అరుణమ్మ ఇచ్చింది. పోయినసారి చెంబును మొయినాబాద్ వాళ్లు ఎత్తుకుపోయారు. సాయి కిరణ్ ఆ చెంబుతో గటగటా నీళ్లు తాగుతూ వీడియోలు తీసి పంపుతుంటాడు. అవి చూసినప్పుడల్లా సంజనకు కడుపు మండిపోతుంది.

ఈసారి ఆట వీళ్లింట్లోనే, కింద సెల్లార్‌లో.

ఆ సెల్లార్ సగం భూమిలోకి ఉంటుంది. నాన్న బాల్‌రాజ్ ఆకుకూరలు పండిస్తాడు. సాయంత్రం కోసిన కొత్తిమీర, పాలకూర ట్రాలీ ఆటోలో వస్తాయి. తెల్లారి మార్కెట్‌కు పోయేదాకా సెల్లార్‌లోనే ఉంటాయి. వాడిపోకుండా వాటి మీద గోనె సంచులు కప్పి నీళ్లు చల్లాలి. ఆ పని సంజనది. మిగిలిన చోటంతా పిల్లల ఆటకే.

"అక్కా! జెర్రి!"

ప్రవళిక ఒక్క గెంతులో కుర్చీ ఎక్కింది. బోర్డు కింది నుంచి జెర్రి సరసరా పాకుతూ వచ్చింది. కేకలు విని బాల్‌రాజ్ పరుగెత్తుకొచ్చాడు. చెప్పుతో ఒక్కటేశాడు. గోడ పక్కన ఉన్న అట్టపెట్టెను జరిపాడు. బొద్దింకలు చెల్లాచెదురుగా పారిపోయాయి. పెట్టె అడుగు చెదలు తినేసి పొడి పొడిగా రాలింది.

బాల్‌రాజ్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"ఇగ చాలు. పిల్లను జెర్రి కుడితే ఎట్ల? తాళమేస్త."

"బాపూ! ఆదివారం ఆటున్నది!"

"మొయినాబాద్‌ల ఆడుకోండ్రి."

అక్కడే చిక్కు. తన వంతు వచ్చినప్పుడు ఆట పెట్టలేని జట్టు ఓడినట్టే లెక్క. ఆ రూలు పెట్టింది మరెవరో కాదు, సంజనే.

సంజన బతిమాలింది. బాల్‌రాజ్ కొంచెం మెత్తబడ్డాడు.

"శనివారం పొద్దుగూకంగ వచ్చి చూస్త. ఒక్క పురుగు కనవడ్డా తాళమే."

నాన్న పైకి పోగానే సంజన చెల్లెలి మీద విరుచుకుపడింది.

"అంత నీ వల్లనే! మురుకులు తినుకుంట నలుసులన్ని పోస్తవు. ఇగ నువ్వు కిందికి రాకు!"

ప్రవళిక మూతి ముడుచుకుంది. మెట్లెక్కి పోయింది.

సంజన నేలంతా ఊడ్చింది. నాన్నతో పురుగుల మందు కొట్టించింది. మర్నాడు చచ్చిన బొద్దింకలను చేటతో ఎత్తిపోసింది. ఇక అయిపోయిందనుకుంది. ఆ మర్నాడు చూస్తే మళ్లీ కొత్తవి! మీసాలు ఊపుతూ, తమ ఇల్లే అన్నట్టు తిరుగుతున్నాయి. ఇప్పుడు ప్రవళికా లేదు, మురుకులూ లేవు. మరి ఇవెందుకు వస్తున్నట్టు?

నానమ్మ పై మెట్టు మీద కూర్చుని చూస్తోంది.

"ఈగలను కొట్టుకుంట కూసుంటవా బిడ్డా? బెల్లం డబ్బకు మూత పెట్టవా?"

"సెల్లార్ల బెల్లం ఏడున్నదవ్వా?"

"నాకేమెరుక! నా మోకాళ్లు మెట్లు దిగనియ్యవు. నువ్వే దేవులాడు."

మధ్యాహ్నం సంజన చేను దగ్గరికి నాన్నకు సద్ది పట్టుకుపోయింది. టమాట మొక్కల వరుసల మీద ప్లాస్టిక్ షీటు పరిచి ఉంది. పైన చూస్తే నేల ఎండి పగుళ్లు తేలింది. షీటు అంచు ఎత్తి చూస్తే లోపల ముత్యాల్లా నీటి బొట్లు వేలాడుతున్నాయి. ఒక వానపాము, నాలుగైదు పురుగులు చల్లగా అక్కడే చేరాయి.

సంజనకు సెల్లార్ నేల గుర్తొచ్చింది.

"బాపూ, షీటు ముక్కలు జరన్ని ఇస్తవా?"

ఆ సాయంత్రం సెల్లార్ నాలుగు మూలలా నేల మీద నాలుగు ముక్కలు పరిచింది. గాలి దూరకుండా అంచులకు టేపు అంటించింది.

పొద్దున లేవగానే కిందికి పరుగెత్తింది. మూడు ముక్కల కింద నేల పొడిగానే ఉంది. గోనె సంచుల పక్కనున్న ముక్క తీసింది. దాని కింద బొట్లే బొట్లు. పక్క గోడ మీద చెయ్యి వేస్తే చెమ్మ అంటింది. అట్టపెట్టెల అడుగంతా నానిపోయింది. ఇదే బెల్లం!

ఆ నీళ్లు ఎక్కడివో వేరేవాళ్లు చెప్పనక్కరలేదు. చేత్తో చిలకరించాలంటే చాలాసేపు పడుతుంది. ఆటకు ఆలస్యమవుతుందని సంజన రోజూ బకెట్ నీళ్లు ఒక్కసారే గుమ్మరించేది. గోనెలు తాగినంత తాగేవి. మిగిలినదంతా గోడ కిందికి పోయేది. పైగా రోడ్డు దుమ్ము బోర్డు మీద పడుతోందని గోడ పైనున్న రెండు వెంటిలేటర్లలో సిమెంటు సంచులు కుక్కింది. నీళ్లు లోపలికి వచ్చేవి. తడి బయటికి పోయే దారే లేదు.

ఇదంతా ఎవరూ చూడలేదు. చెప్పకపోయినా ఎవరికీ తెలియదు.

సంజన మెట్లెక్కింది. ప్రవళిక మంచం మీద ఒక్కతే కూర్చుని గుండీలతో క్యారమ్ ఆడుకుంటోంది.

"చెల్లె, మురుకులతోని కాదే. నా బకెట్‌తోని అయింది."

ప్రవళిక తల ఎత్తలేదు. "అయితే సారీ చెప్పు."

"సారీ."

"వినవడలే."

"సారీ!"

"అవ్వకు గూడ వినవడాలె."

"సారీ... ఈ... ఈ!"

"ఎవరే గా అరుపులు?" అంది అవతలి గదిలోంచి నానమ్మ. ప్రవళిక కిసుక్కున నవ్వి గుండీలు పక్కకు తోసేసింది. "పా, పోదాం."

సంజన ముందు నాన్నకు జరిగిందంతా చెప్పింది. బాల్‌రాజ్ తల గోక్కున్నాడు.

"కింద చల్లగ ఉంటదని నేనే పెట్టిన."

"వరండాల గూడ చల్లగనే ఉంటది బాపూ. గాలి గూడ తగులుతది."

చెక్కలు వేసి ఆకుకూరలన్నీ వరండాలోకి మార్చారు. వెంటిలేటర్లలోని సిమెంటు సంచులు పీకేశారు. దోమలు దూరకుండా వాటికి సన్న జాలీ కొట్టారు. చెద పట్టిన పెట్టెలు బయట పారేశారు. మంచివాటిని గోడకు జానెడు దూరంగా ఇటుకల మీద నిలబెట్టారు. బయట గోడ పక్కన వాననీళ్లు నిలవకుండా బాల్‌రాజ్ మట్టి పోసి వాలు చేశాడు. ఫ్యాను ఆగకుండా తిరిగింది. ప్రవళిక మురుకులు మాత్రం పై మెట్టు మీదే కూర్చుని తింది.

శనివారం పొద్దుగూకింది. బాల్‌రాజ్ టార్చి పట్టుకుని దిగాడు. పెట్టెల వెనక చూశాడు. బోర్డు కింద చూశాడు. ఏమీ లేదు. మూలకు టార్చి తిప్పాడు.

నల్లగా, గుండ్రంగా ఏదో ఉంది!

బాల్‌రాజ్ వంగి దాన్ని రెండు వేళ్లతో ఎత్తాడు.

"పురుగు కాదే. మీ నల్ల కాయిన్!"

"ఇన్ని దినాలు గిదే దేవులాడుతున్నం!" అని ప్రవళిక ఎగిరి గంతేసింది. బాల్‌రాజ్ జేబులోంచి తాళం తీసి నవ్వుతూ సంజన చేతిలో పెట్టాడు.

ఆదివారం సాయి కిరణ్ చెంబు చంకలో పెట్టుకుని దిగాడు. వెనకే శ్రీకాంత్.

"ఏందే సంజనా, మీ టీమ్‌ల బొద్దింకలు గూడ ఆడుతున్నయట?"

"బొద్దింకలను మొయినాబాద్ బస్సెక్కించినం. మీకు ఎదురు రాలేదా?" అంది ప్రవళిక.

శ్రీకాంత్ పకపకా నవ్వాడు. సాయి కిరణ్ మూతి తిప్పుకున్నాడు.

పౌడర్ పిండిలా రాలింది. స్ట్రైకర్ నూనె మీద జారినట్టు జారింది. ఆట సరిసమానంగా సాగింది. చివరికి రెడ్, దాని పక్కన వీళ్ల తెల్ల కాయిన్ ఒకటి, వాళ్ల నల్ల కాయిన్ ఒకటి మిగిలాయి. వంతు ప్రవళికది.

ఎప్పుడైనా అయితే సంజన "అటు కాదే, ఇటు! గట్టిగ కొట్టు!" అని చెల్లెలి చెవులు తినేసేది. ఈసారి పెదవులు బిగపట్టి కూర్చుంది.

ప్రవళిక ఒక్క కన్ను మూసింది. కొట్టింది. రెడ్ పడింది. మళ్లీ కొట్టింది. తెల్లదీ పడింది!

"గెల్సినం! అవ్వా, గెల్సినం!"

సంజన చెల్లెలిని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. వాళ్ల అరుపులకు నానమ్మ మోకాళ్ల నొప్పి మరిచి మూడు మెట్లు దిగివచ్చింది. సాయి కిరణ్ చెంబును ఒకసారి చొక్కాతో తుడిచి సంజన చేతికిచ్చాడు.

"బాగ తుడిచిచ్చిన. వచ్చేసారి తిరిగిస్తవు గద!"

"చూద్దాం తియ్!"

సాయంత్రం కొత్తిమీర ట్రాలీ వచ్చింది. వరండాలో చెక్కల మీద కట్టలు పేర్చి గోనె సంచులు కప్పారు. కింద ఇంకో ఆటకు బోర్డు సిద్ధంగా ఉంది. అందరూ సంజన కోసం కేకలేస్తున్నారు.

అలవాటు చొప్పున సంజన చెయ్యి బకెట్ మీదికి పోయింది. మళ్లీ వెనక్కి వచ్చింది. గెలిచిన చెంబు తీసుకుంది. నీళ్లు ముంచింది. వేళ్లతో కొంచెం కొంచెంగా గోనెల మీద చిలకరించసాగింది.

"అరె! కప్పుతోని నీళ్లు చల్లుతున్నవా?" అన్నాడు మెట్లెక్కి వచ్చిన సాయి కిరణ్.

"మా కప్పు, మా ఇష్టం. జర ఆగుండ్రి, వస్తున్న."

నేల మీద రెండు చుక్కలు పడ్డాయి. సంజన గుడ్డ తెచ్చి వాటిని తుడిచింది. అప్పుడు ఆటకు దిగింది.