ఎడమ చెయ్యి రాని కారు

కారు కొట్టు ముందు ఆగగానే బసవపున్నయ్య బయటికొచ్చి దానికి చేతులు జోడించాడు.

"ఇంత పెద్దావిడ మా గుమ్మం దాకా నడిచొచ్చింది. దండం పెట్టకపోతే పాపం కదండీ" అన్నాడు, వెనక తలుపు తీసుకొని దిగుతున్న అమ్మాయితో.

"పెట్టండి. మీ కొట్టుకొచ్చిన వస్తువు మళ్ళీ ఇంటికి చేరడం అరుదని విన్నాం. ఆవిడక్కూడా కాస్త ధైర్యం కావాలి" అన్నది ఆ అమ్మాయి.

తిరువూరు బస్టాండు వీధిలో బసవపున్నయ్యతో మాటకు మాట అనేవాళ్ళు అప్పటిదాకా లేరు. రేడియో బాగుచేయించుకోవాలంటే ముందు అతని వెటకారం వినాలి. ఊళ్ళో ఇంకో రేడియో మెకానిక్కు లేడు గనక అందరూ వినేవాళ్ళు. ఇరవై ఏడేళ్ళ వయసులో అతనికి ఉన్న ఆస్తి ఒక కొట్టు, దాని పక్కన ఒక రేకుల షెడ్డు, తన తెలివిమీద తనకున్న నమ్మకం. మూడింటిలో మూడోదే పెద్దది.

అమ్మాయి పేరు ప్రమీలారాణి. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు. స్టీరింగు ముందు కూర్చొని, ఈ సంభాషణతో తనకు సంబంధం లేనట్టు ఎదురుగా ఉన్న గోడ చూస్తున్న పెద్దమనిషి ఆమె తండ్రి ఆదిశేషయ్య. ఊరి చివర మామిడితోటలున్న ఆసామి. కారు ఆయన యౌవనంలో కొన్న మారిస్ మైనరు. అది 1977 జూన్ నెల. అప్పటికి కారుకు ఇరవై ఆరేళ్ళు.

ప్రమీలారాణి పాత చీరలో చుట్టిన అట్టపెట్టె తీసి బల్లమీద పెట్టింది. అందులో జపాను క్యాసెట్ స్టీరియో, రెండు స్పీకర్లు. తోటి టీచరు సరోజినీదేవి గారి తమ్ముడు ఓడలో పనిచేస్తాడట, అతను తెచ్చిపెట్టాడట. దీన్ని ఈ కారులో బిగించాలి.

బసవపున్నయ్య సెట్టును చూశాడు, కారును చూశాడు.

"ఆయన వయసు ఆరు నెలలు. ఈవిడ వయసు ఇరవై ఆరు. ఈ పెళ్ళి నిలబడదండి."

"మీరు మెకానిక్కా, పురోహితులా?"

"ఇక్కడ రెండూ నేనే చూసుకోవాలండి. సెట్టు పెట్టాలంటే డ్యాష్‌బోర్డు కొయ్యాలి."

"కన్నం పెట్టకూడదు" అన్నారు ఆదిశేషయ్య గోడతో. అంతే. మళ్ళీ నోరు విప్పలేదు.

తన మాటలకు పెద్దాయనకు కోపం వచ్చిందనుకున్నాడు బసవపున్నయ్య. వచ్చినా ఫరవాలేదనుకున్నాడు. వైర్ల సంగతి చెప్పబోతూ, ఏ కారుకైనా నెగెటివ్ బాడీకే ఉంటుంది, పాజిటివ్ తెచ్చి సెట్టుకిస్తే సరిపోతుందన్నాడు. ప్రమీలారాణి అడ్డం వచ్చింది. ఈ కారులో పాజిటివే బాడీకి ఉంటుందని, అలా కలిపితే సెట్టు కాలిపోతుందని చెప్పింది. అతను నవ్వాడు. సైన్సు పుస్తకాల్లో చాలా రాస్తారన్నాడు. పుస్తకంలో కాదు, ఆ బ్యాటరీలో నీళ్ళు పోసేది తనేనన్నది ఆమె. పందెం వేసుకున్నారు. ఆమె మాట నిజమైతే పని పూర్తయ్యేదాకా అతను వెటకారం ఆడకూడదు.

బానెట్ ఎత్తాడు. బ్యాటరీ ప్లస్సు కొమ్మునుంచి బయల్దేరిన మందపాటి పట్టీ నేరుగా వెళ్ళి బాడీకి బిగించి ఉంది. పాతకాలపు ఇంగ్లీషు కార్ల పద్ధతి అది. అతను చాలాసేపు చూశాడు, తను చూస్తూ ఉంటే అది మనసు మార్చుకుంటుందన్నట్టు.

"మీ మౌనం బాగుందండి. ఇంకొంచెం వాడండి" అన్నది ప్రమీలారాణి.

*

కారు ఐదు రోజులు షెడ్డులో ఉంది. సాయంత్రం బడి వదలగానే ప్రమీలారాణి గొడుగు వేసుకొని పని చూడటానికి వచ్చేది. వచ్చే వేళకు సరిగ్గా వాన కూడా వచ్చేది. వానకు వేరే పని లేదు.

పందెం ప్రకారం బసవపున్నయ్య నోరు కట్టుకొని పనిచేశాడు. బ్యాటరీని అటుది ఇటు తిప్పాడు. ఇరవై ఆరేళ్ళుగా ఒక దిక్కుకు అలవాటుపడ్డ డైనమోకు రెండో దిక్కు నేర్పాడు. డ్యాష్‌బోర్డు కింద సామాను పెట్టుకొనే అరలో సరిగ్గా పట్టేలా టేకు పెట్టె చేయించి, సెట్టును అందులో కూర్చోబెట్టాడు. ఎక్కడా ఒక్క కన్నం లేదు. ఆ సంగతి మెచ్చుకోవడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది.

"పని తెలిసినవాళ్ళలాగే ఉన్నారు" అన్నది చివరకు.

"ఈ మాట బోర్డుమీద రాయించుకోవచ్చా అండి?"

"అది వెటకారం కిందికొస్తుంది."

"కాదండి. ఆశ కిందికొస్తుంది."

ఆమె గొడుగు దులపడంలో మునిగిపోయింది. అప్పటికే అది ఆరి చాలాసేపయింది.

నాలుగో రోజు వాన జోరుగా పడింది. రేకులమీద చప్పుడుకు మాట వినపడక ఇద్దరూ కారులో కూర్చున్నారు. అతను స్టీరింగు ముందు, ఆమె వెనక సీట్లో. అంత దూరం అవసరమా అని అడగబోయి పందెం గుర్తొచ్చి ఊరుకున్నాడు. ముందు ఎడమ సీటు ఖాళీగా ఉంది కదా అని మాత్రం అన్నాడు.

అది అమ్మ సీటని ఆమె చెప్పింది. అమ్మ మాణిక్యమ్మ పోయి ఎనిమిది నెలలైంది. అప్పటినుంచీ నాన్న ఊ, ఉహూ, సరే, ఈ మూడింటితోనే సంసారం నడుపుతున్నారు. అమ్మా ఆయనా ప్రతి శనివారం నెమలి అనే ఊళ్ళో గుడికి వెళ్ళేవాళ్ళు. అదీ మానేశారు. రోజూ తనను బడిదగ్గర దింపుతారు. దారిపొడుగునా ఇంజను ఒక్కటే మాట్లాడుతుంది.

"అందుకే ఈ సెట్టు కొన్నాను. మనుషులు మాట్లాడకపోతే పోనీ, కారులోనైనా ఏదో ఒక గొంతు వినపడాలి కదా. అది వినైనా ఆయన మళ్ళీ మాట్లాడతారేమోనని" అన్నది ప్రమీలారాణి.

బసవపున్నయ్యకు అద్దంలో ఆమె కనిపిస్తున్నది. అతను అద్దం సరిచేశాడు. సరిగ్గానే ఉన్న అద్దాన్ని సరిచేయడం అతని మెకానిక్కు జీవితంలో అదే మొదటిసారి.

ఆ రోజు ఆమె వెళ్ళాక, ఆ ఇంటికి ఇంకేదైనా మేలు చెయ్యాలని అతనికి గట్టిగా అనిపించింది. కారంతా వెతికాడు. ఆ కారుకు మలుపు చూపించే దీపాలుండవు. తలుపు వెనక స్తంభంలోంచి నారింజరంగు చెయ్యి ఒకటి బయటికి లేస్తుంది, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. కుడిది బాగానే లేచింది. ఎడమది లేవలేదు. అతను సంతోషించాడు. విప్పి, తుప్పు గీకి, నూనె వేసి బిగించాడు. మీట నొక్కితే సైనికుడి సెల్యూట్‌లా లేచింది.

మంచిపని చేసినవాడికి ఆ రాత్రి మంచి నిద్ర పట్టింది. అదే ఆఖరు.

*

మర్నాడు తండ్రీ కూతుళ్ళు కారు తీసుకోవడానికి వచ్చారు. బసవపున్నయ్య క్యాసెట్టు పెట్టాడు. పాత కారునిండా కొత్త వీణ మోగింది. ఆదిశేషయ్య తల కొద్దిగా ఊపారు. ప్రమీలారాణి అతనివైపు చూసిన చూపులో మొదటిసారి మార్కులు తగ్గించే ఉద్దేశం కనపడలేదు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఇంకో పేరాలో అయిపోయేది. అతను ఆగలేదు.

"ఇంకొకటుందండి. మీరు అడక్కుండానే చేశాను" అని మీట నొక్కాడు.

ఎడమ చెయ్యి టక్కున లేచింది.

ఆదిశేషయ్య దానివంక చూస్తూ నిలబడ్డారు. వీణ మోగుతూనే ఉంది. ఆయన లోపలికి వంగి సెట్టు ఆపారు.

"ఎవరు చెయ్యమన్నారు?" అని అడిగారు. గొంతు పెద్దది చెయ్యలేదు. చేసి ఉంటే బాగుండేదనిపించింది బసవపున్నయ్యకు. ఆయన కారెక్కి, కూతుర్ని కూడా మరిచిపోయి, వీధి చివర కుడివైపుకు తిరిగి వెళ్ళిపోయారు.

ప్రమీలారాణి పాఠం చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పింది. ఆ చెయ్యి పదిహేనేళ్ళుగా తనంతట తాను లేవలేదు. ఎడమ మలుపు రాగానే నాన్న "మాణిక్యం, చెయ్యి" అనేవారు. అమ్మ పక్క స్తంభంమీద గుద్దేది. అప్పుడు లేచేది. బాగుచేయించమని ప్రతిసారీ పోట్లాడేది. బాగుచేయిస్తే ఈ కారులో నీకు పనేముంటుందని ఆయన అనేవారు. అమ్మ పోయాక ఆయన ఎడమవైపు తిరగడం మానేశారు. ఎడమకు తిరిగితే రెండు నిమిషాల్లో వచ్చే బడికి పత్తి జిన్నింగు మిల్లు చుట్టూ తిప్పి, మూడుసార్లు కుడికి తిరిగి తీసుకొస్తారు.

"నాకు ముందే చెప్పాల్సిందండి."

"పాడైనదల్లా బాగుచెయ్యాలని మీకెవరు చెప్పారు?"

అది తన వృత్తి అని అనబోయాడు. ఆమె కళ్ళు చూసి అనలేదు. ఆమె గొడుగు విప్పుకొని వెళ్ళిపోయింది. ఆ పూట వాన లేదు.

*

పన్నెండు రోజులు ఆమె బడినుంచి వస్తూ వీధికి ఎదురు పక్కన నడిచి వెళ్ళింది, గొడుగు అతని కొట్టువైపుకే దించుకొని. బసవపున్నయ్య వెటకారం మానేశాడు. రేడియో ఇస్తే తీసుకొని, సరేనండి అనేవాడు. అతనికి ఒంట్లో బాగాలేదని ఊళ్ళో పుకారు పుట్టింది. బియ్యం కొట్టు వెంకాయమ్మ గారు తన రేడియోను పాతదని ఒక్క మాటైనా అనలేదేమని నొచ్చుకొని వెళ్ళారు.

పదమూడో రోజు శుక్రవారం. బడికి ఆ రోజూ మర్నాడూ సెలవు. పనిముట్ల పెట్టె పట్టుకొని ఆదిశేషయ్య ఇంటికి వెళ్ళాడు. ఆయన వసారాలో పేపరు చూస్తున్నారు.

"పని తప్పుగా చేశానండి. మళ్ళీ మునుపటిలాగా చేసి వెళతాను" అన్నాడు.

ఆయన పేపరు మడిచారు. లోపలినుంచి తాళంచెవి తెచ్చి బల్లమీద పెట్టారు.

బాగుచెయ్యడం అతనికి గంట పని. చెడగొట్టడం ఎంత పనో అతనికి తెలియదు. కొంచెం బిగిస్తే చెయ్యి అసలు లేవడం లేదు. కొంచెం వదులు చేస్తే తనంతట తనే లేస్తున్నది. ఎండ నడినెత్తికి వచ్చింది. గడప దగ్గర ప్రమీలారాణి మజ్జిగ గ్లాసు పట్టుకొని నిలబడి ఉంది, ఇవ్వాలా వద్దా అని తేల్చుకోలేక. అతను ఆమెను అడగలేక, వసారావైపు తిరిగి అడిగాడు.

"ఎన్ని గుద్దులకు లేచేదండీ?"

జవాబు రాదనుకున్నాడు.

"రెండు" అన్నారు ఆదిశేషయ్య. కాసేపాగి, "మొదటిది మెల్లగా. రెండోది కోపంగా" అన్నారు.

బసవపున్నయ్య స్క్రూ పావు చుట్టు తిప్పి గుద్దాడు. ఆయన లేచి వచ్చారు. అక్కడ కాదన్నారు. ఇంకా కిందికి అన్నారు. గాజులు పగలకుండా పిడికిలి అడ్డంగా పెట్టి గుద్దేదని తన చేత్తో చూపించారు. ఒకసారి విజయవాడలో పోలీసు చెయ్యెత్తి కారాపితే, కారు చెయ్యి లేవలేదనే ఆపాడనుకొని ఆవిడ ఇంకా గట్టిగా గుద్దిందట. ఇంకోసారి కోపం మొగుడిమీదిది కావడంతో ఒక్క గుద్దుకే లేచిందట. ఆయన చెబుతూనే ఉన్నారు. గడప దగ్గర ప్రమీలారాణి వింటూ వింటూ గ్లాసు సంగతి మరిచిపోయింది, అది ఒరిగి సగం మజ్జిగ ఒలికింది. ఆమె తుడుచుకోలేదు.

స్క్రూ చోటుకు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. రెండో గుద్దుకు చెయ్యి లేచింది, అయిష్టంగా.

"ఎవరబ్బాయివి?" అని అడిగారు ఆదిశేషయ్య.

"పెనుగొలను వెంకటప్పయ్య గారి అబ్బాయినండి."

"ఆయనకు నీ రేడియోలంటే పడదని విన్నాను."

"నేనంటే కూడా పడదండి."

"నీ నోరు విన్నవారే అన్నమాట." ఆయన మొహంలో ఏదో కదిలింది. కూతురికి ఈ వెటకారం ఎక్కడినుంచి వచ్చిందో బసవపున్నయ్యకు అప్పుడు తెలిసింది. "కారు లైసెన్సుందా?"

"ఉందండి. నడిపింది మాత్రం ట్రాక్టరే."

"ఫరవాలేదు. దీనికంటే అదే వేగం. రేపు శనివారం. నెమలి వెళ్ళాలి. పొద్దున్నే రా."

మజ్జిగ గ్లాసు అప్పుడు అతని చేతికి వచ్చింది. అందులో సగమే మిగిలింది.

"ఇదేంటండి, సగం?" అన్నాడు.

"సగం మార్కులే వేశాను" అన్నది ప్రమీలారాణి. పన్నెండు రోజుల తరువాత అతనికి దక్కిన మొదటి మాట అది. మిగతా సగానికి ఏంచెయ్యాలని గొంతు తగ్గించి అడిగాడు. రేపు సమయానికి రమ్మన్నది.

*

అతను అరగంట ముందే వచ్చాడు. ఆదిశేషయ్య ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి తన కారులో వెనక సీటెక్కారు. ప్రమీలారాణి కూడా అలవాటుగా వెనక తలుపుమీద చెయ్యి వేసింది.

"ముందు కూర్చో" అన్నారాయన. "దారిలో ఎడమ మలుపుంది."

ఆమె నిలబడిపోయింది. తరువాత ముందు తలుపు తీసుకొని, నెమ్మదిగా, ఎవరినో లేపుతానేమో అన్నట్టు అమ్మ సీట్లో కూర్చుంది.

ఊరు దాటింది. తుంపర మొదలైంది. వెనకనుంచి ఆదిశేషయ్య గేరు ఎప్పుడు మార్చాలో, బ్రేకు ఎక్కడ తొక్కాలో, ఈ పొలం ఎవరిదో, ఆ పత్తి ఎందుకు ఎండిందో ఆపకుండా చెబుతున్నారు. బసవపున్నయ్య అన్నిటికీ అలాగేనండి అంటున్నాడు. మలుపు కనపడింది. అతను మీట నొక్కాడు.

వెనకనుంచి ఆదిశేషయ్య ముందుకు వంగారు.

"అమ్మాయీ, చెయ్యి."

ఆమె మెల్లగా గుద్దింది. లేవలేదు.

"రెండోది కోపంగా కొట్టాలండి టీచరు గారూ" అన్నాడు బసవపున్నయ్య రోడ్డుమీదినుంచి చూపు తిప్పకుండా.

"ఇప్పుడు నాకు కోపం లేదండి."

"నావంక చూడండి. వస్తుంది."

ఆమె చూసింది. కోపం రాలేదు. అయినా గుద్దింది. స్తంభంలోంచి చెయ్యి లేచి వానలో నిలబడింది.

"ఈ పని ఎన్నాళ్ళు చెయ్యాలి నేను?" అని అడిగింది, చాలా చిన్నగా.

"ఇది బాగయ్యేదాకానండి. బాగుచేసే ఉద్దేశం నాకు లేదు."

వెనక సీట్లో ఆదిశేషయ్య ఈ మాట విన్నట్టు లేదు. బ్రేకు తొక్కమని మాత్రం కేక వేశారు.

కారు ఎడమవైపు తిరిగింది. టేకు పెట్టెలోని జపాను సెట్టు నెమలి చేరేదాకా అలాగే కూర్చుంది. దాన్ని మోగించాలని ఎవరికీ గుర్తు రాలేదు.