అందరికీ తెరిచిన ఫోల్డరు

గీతాంజలి పనిచేసే వెబ్ కంపెనీ బెంగళూరు కె.ఆర్.పురంలో, పాత మద్రాసు రోడ్డు మీద, ఒక కోళ్ళ అంగడి పైన ఉండేది. రెండు వేల ఆరు నాటి మాట. యజమాని గిరిధర్. వెనక గదిలో సర్వరు చూసుకునేది కర్నూలు నుంచి వచ్చిన దేవదానం. వెబ్‌సైట్లు తయారుచేసేది గీతాంజలి. కింద కోళ్ళను కడిగిన నీళ్ళ వాసన మెట్ల మీదుగా పైకి వచ్చేది. చేరిన కొత్తలో ఆమె ముక్కు మూసుకుని మెట్లెక్కేది, తర్వాత అలవాటైపోయింది.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. లైట్లు వేసుకుని, క్యారేజీ విప్పి, రెండు ముద్దలు తిందో లేదో, ఫోను మోగింది. అవతల వెంకటేశప్ప. బొమ్మసంద్రలో పెద్ద వంటశాల నడుపుతాడు, చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు రెండు పూటలా భోజనం ఆయనదే. ఆయన వెబ్‌సైటు చేసింది వీళ్ళే.

"ఏమ్మా, మా సైటులో ఏం బొమ్మ పెట్టినారు?"

"ఏమైంది సార్?"

"నా నోటితో చెప్పలేనమ్మా. నువ్వే చూడు."

ఆమె సైటు తెరిచింది. సాంబారు ఫొటో ఉండాల్సిన చోట అదే గిన్నె ఉంది. సాంబారు మీద చర్మంలా ఒక పొర కట్టి ఉంది. ఆ పొర మీద తెల్లగా ఏవో. మెతుకులనుకుంది. పెద్దది చేసి చూసింది. మెతుకులు కావు. ఒకదాని మీద ఒకటి పాకుతున్న పురుగులు. గరిటె కాడకు నల్లటి దారం చుట్టుకుని ఉంది. దారం కూడా కాదు. పొడుగాటి వెంట్రుకలు.

క్యారేజీకి మూత పెట్టి దూరంగా జరిపేసింది.

ఎవడో బయటివాడు చేసిన వెధవ పనే అనుకుంది. వాడు దూరిన దారి ఎక్కడుందో ఆమెకు తెలుసు. సైటు నడిపే సాఫ్ట్‌వేర్ ఫొటోలు తీసుకోకుండా మొండికేస్తే, గిరిధర్ ఆ ఫొటోల ఫోల్డరుకు ట్రిపుల్ సెవెన్ ఇచ్చేశాడు. అంటే అందులో ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా చెరపొచ్చు. "పని జరుగుతోంది కదా, తర్వాత సరిచేద్దాం" అన్నాడు. ఆ తర్వాత అనేది రానే లేదు. అలా తెరిచిపెట్టిన ఫోల్డర్లను వెతుక్కుంటూ తిరిగే దొంగలు ఆ రోజుల్లో బోలెడు మంది.

ఆమె ఆ ఫొటో తీసేసింది. ఫోల్డరు అనుమతులు బిగించింది. మళ్ళీ చూసింది.

ఇంకో ఫొటో వచ్చింది. ఈసారి అన్నం. పసుపు పట్టి, జిగురుగా, తీగలు సాగుతున్న అన్నం. మధ్యలో గులాబీ రంగు పెంకు ఒకటి. రంగు వేసుకున్న గోరు... వేలి నుంచి ఊడివచ్చిన గోరు.

ఫోల్డరు మళ్ళీ ట్రిపుల్ సెవెన్‌లో ఉంది.

"దేవదానం గారూ, ఒకసారి సర్వరుకు నెట్ పీకేయండి."

అతను వెనక గదిలోకి వెళ్ళి కేబుల్ పీకి చేత్తో పట్టుకొచ్చి చూపించాడు. అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ మీద వెనక గదిలో సర్వరు తెర ఒక్కటే వెలుగుతోంది. ఇద్దరూ వెళ్ళి ఆ తెర ముందు వంగి నిలబడ్డారు.

ఫోల్డర్లో మూడో ఫైలు చేరింది.

కేబుల్ ఇంకా దేవదానం చేతిలోనే ఉంది.

"ఈ ఫైలు ఎవరు రాశారో చూడండి" అంది ఆమె. పేరు ఉండాల్సిన చోట పేరు లేదు. ఒక నంబరు ఉంది.

"సర్వరులో మనలో ఒక్కొక్కరి ఖాతాకు ఒక్కో నంబరు ఉంటుంది. ఖాతా తీసేస్తే పేరు పోయి నంబరు మిగులుతుంది." దేవదానం గొంతు తగ్గింది. "ఇది రంజితది."

రంజిత అందరికన్నా చివర చేరిన పిల్ల. కొన్ని వారాల కిందట వెంకటేశప్ప సైటుకు కొత్త ఫొటోలు తీస్తానని కెమెరా మెడలో వేసుకుని బొమ్మసంద్ర వెళ్ళింది, మళ్ళీ ఆఫీసుకు రాలేదు. ఎక్కడో ఎక్కువ జీతం దొరికి చెప్పకుండా మానేసిందన్నాడు గిరిధర్. కోలారు నుంచి వాళ్ళమ్మ వెతుక్కుంటూ వస్తే ఆమెకూ అదే చెప్పాడు. ఆమె అటు మెట్లు దిగగానే ఖాతా తీసేయించాడు.

"తీసేసిన ఖాతా ఎలా రాస్తుంది?"

"రాయడానికి వీల్లేదు" అన్నాడు దేవదానం. "కానీ ఆ ఫోల్డరు అందరికీ తెరిచి పెట్టాం కదమ్మా. అందరికీ అంటే... అందరికీ."

మూడో ఫొటో నల్లగా ఉంది. వెలుతురు పెంచితే నీళ్ళు. నీళ్ళ అడుగు నుంచి పైకి తీసిన ఫొటో. పైన పలకలాగా సన్నటి వెలుగు, దాని అంచున తుప్పు పట్టిన ఇనుప మూత.

గీతాంజలి ఫోను చేసింది. "వెంకటేశప్పగారూ, నేల కింద మీ నీళ్ళ సంపు ఎప్పుడు తెరిచి చూశారు?"

"సంపు ఎందుకమ్మా ఇప్పుడు? ఏ పందికొక్కో పడినట్టుండాది. వాసన వస్తా ఉంటే మూత చుట్టూ సిమెంటు పూసేసినా."

"ఆ నీళ్ళతోనే వండుతున్నారా?"

"కాగబెడ్తాము కదమ్మా. కాగినంక ఏముంటాది."

పోలీసులకు చెప్పమని గిరిధర్‌కు అప్పగించి, ఇద్దరూ దేవదానం స్కూటరు మీద బయలుదేరారు. వానలో తడిసి ముద్దయి బొమ్మసంద్ర చేరేసరికి ఒక హెడ్ కానిస్టేబులు వచ్చి ఉన్నాడు. వంటవాళ్ళు గడ్డపారతో సిమెంటు పగలగొడుతున్నారు. పక్కనే పొయ్యి మీద రాత్రి భోజనానికి సాంబారు కుతకుత ఉడుకుతోంది.

మూత లేచింది.

ఆ వాసన ముక్కుకు కాదు, నాలుకకు తగిలింది. తియ్యగా... జిడ్డుగా. నీళ్ళ మీద మందంగా మీగడ కట్టింది. ఆ మీగడలో ఏదో ఉబ్బి తేలుతోంది. దాని మెడ అనుకున్న చోట నల్లటి పట్టీ, పట్టీకి కెమెరా. చర్మం జారిపోయి పైపు మూతికి చుట్టుకుంది. ఆ పైపు తిన్నగా వంటింట్లోకి వెళ్తోంది.

ఆ రోజు మధ్యాహ్నం క్యారియర్లు అప్పటికే ఫ్యాక్టరీలకు వెళ్ళిపోయాయి.

గీతాంజలికి అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వారం వెంకటేశప్ప ఆఫీసుకు పులిహోర పంపాడు. బాగుందని రెండోసారి కూడా పెట్టించుకుంది.

గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. కడుపులో ఏమీ లేకపోయినా ఆగలేదు. నోట్లో వేలు పెట్టుకుని మరీ కక్కింది.

వంటశాలకు సీలు పడింది. వెంకటేశప్పను తీసుకుపోయారు. నీళ్ళు పట్టడానికి ఎత్తిన మూతను వెంటనే ఎవరూ వెయ్యలేదనీ, రంజిత ఫొటోలు తీస్తూ వెనక్కి నడిచి పడిపోయి ఉంటుందనీ, తర్వాత లోపల చూడకుండానే ఎవరో మూత వేసేశారనీ పోలీసులు రాసుకున్నారు. రంజిత తల్లి కోలారు నుంచి వచ్చి కెమెరా ఒక్కటే అడిగి తీసుకుపోయింది. గిరిధర్ ఆమె ముందుకు రాలేదు.

సైటును, ఫోల్డరును గీతాంజలి తన చేతులతో తుడిచేసింది. మిగతా ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటిగా బిగించింది. చాలాకాలం అన్నం ముద్ద నోటిదాకా తెచ్చి, వేళ్ళతో చిదిమి చూసిగానీ తినలేదు.

కొన్నాళ్ళకు దేవదానం ఆమె కుర్చీ దగ్గరికొచ్చి గుసగుసగా పిలిచాడు. "ఒకసారి రా అమ్మా."

వెనక గదిలో తెర మీద ఆ ఫోల్డరు ఉంది. తుడిచేసిన ఫోల్డరే. ట్రిపుల్ సెవెన్.

లోపల ఒకే ఫొటో. బురదనీళ్ళలో నానిపోయి, తెల్లగా ముడతలు పడిన అరికాలు. మడమ దగ్గర చర్మం సాక్సులా ఊడి వేలాడుతోంది.

"రంజితేనా?" అంది, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని.

"కాదు. ఆ నంబరు కాదు. దాని తర్వాతది."

"అది ఎవరిది?"

"ఇంకా ఎవరికీ ఇవ్వలేదు" అన్నాడు దేవదానం. "రంజితది మళ్ళీ వాడకూడదని పక్కన పెట్టా. ఇక కొత్తగా ఎవరు చేరితే... వాళ్ళకు ఇదే వస్తుంది."

ముందు గదిలో గిరిధర్ ఫోనులో ఎవరికో నవ్వుతూ దారి చెబుతున్నాడు.

"ఆ, స్టేషన్ బయటికి వచ్చి ఆటో ఎక్కమ్మా. కోళ్ళ అంగడి పక్కన మెట్లుంటాయి, పైకి వచ్చెయ్. ఈ రోజే చేరిపోవచ్చు."