పదిహేడో నంబరు దాహం

సింగరేవు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోమవారం మూడో పీరియడ్ పౌరశాస్త్రం. 2078 నాటికి ఆ పీరియడ్‌లో ఎవరూ పుస్తకం తెరవడం లేదు. తొమ్మిదో తరగతి పిల్లలు ఇరవై నలుగురు గది బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చి, విడతకి ఎనిమిది మంది చొప్పున ఎనిమిది కుర్చీల్లో కూర్చునేవారు. విశాలాక్షి టీచరు ఒక్కొక్కరి తలకి పల్చటి టోపీ సర్ది కళ్లు మూసుకోమనేది. పన్నెండు నిమిషాలయ్యాక ఒకడు వీపు రుద్దుకుంటూ లేచేవాడు. ఆ పన్నెండు నిమిషాల్లో వాడు మార్కెట్ యార్డులో పొద్దుటినుంచి సాయంత్రం దాకా బస్తాలు మోసి వచ్చాడు. ఆ పక్క కుర్చీలో పిల్ల బిక్కమొహం వేసుకుని తన చేతులకేసి చూసుకునేది. పింఛను కోసం ఆఫీసు గుమ్మంలో పడిగాపులు పడ్డ ఒక ముసలాయన ఒంట్లో ఆమె ఒక రోజంతా గడిపింది.

దాని పేరు పరానుభవ పీఠం. కనిపెట్టినవాడు నాడీ శాస్త్రవేత్త డాక్టర్ బెజ్జం యోహాను. ఒక మనిషి ఒప్పుకుంటే, ఆ మనిషి తలకి సెన్సర్లున్న టోపీ పెట్టి, ఒక రోజులో ఒళ్లు పడే అలసట, ఆకలి, దాహం, భయం, అవమానం, ఊరట, అన్నిటి నాడీ సంకేతాలనూ అది నమోదు చేస్తుంది. తరవాత వాటిని పన్నెండు నిమిషాలకి కుదించి మరొకరి నాడుల్లోకి పంపుతుంది. ఆలోచనలు రావు, మాటలు రావు. వచ్చేదల్లా ఒంటికీ మనసుకీ తగిలినదే.

రాజ్యాంగంలోని హక్కుల జాబితా వల్లించినవాడు పౌరుడు కాడనీ, ఎదుటివాడి దాహం ఎరిగినవాడే పౌరుడనీ యోహాను నమ్మకం. ప్రభుత్వమూ నమ్మింది. పౌరశాస్త్రానికి పరీక్ష తీసేశారు. ఏడాదికి ముప్ఫై మంది జీవితాల్లో ముప్ఫై రోజులు గడిపితే చాలన్నారు. టీచర్లకి నలభై రోజుల శిక్షణ పెట్టారు. మొదటి జట్టులో శిక్షణ పొందిన అరవై మందిలో విశాలాక్షి ఒకతె. అంతకు ముందు పదమూడేళ్లు ఆవిడ నల్లబల్ల మీద పంచాయతీరాజ్ వ్యవస్థ బొమ్మ గీసి గీసి విసిగిపోయి ఉంది. పిల్లలు దాన్ని చూసి రాసుకునేవారు, పరీక్ష అయిన మర్నాడు మరిచిపోయేవారు. మొదటిసారి పీఠంలోంచి లేచినప్పుడు, తను ఇన్నాళ్లూ చెప్పలేకపోయిన పాఠం ఇదేనని ఆవిడకి అనిపించింది.

ఆ ఊరి నమోదుల్లో పదిహేడో నంబరు మరిడమ్మది. మరిడమ్మ ఉప్పుపేటలో ఉండేది. సముద్రం లోపలికి వచ్చాక ఉప్పుపేట బావులన్నీ ఉప్పుబారిపోయాయి. మునిసిపాలిటీ ట్యాంకరు కోసం తెల్లవారకముందే ఆరు బిందెలు వరసలో పెట్టి నిలబడాలి. అది ఒక్కో రోజు వచ్చేది, ఒక్కో రోజు వచ్చేది కాదు. మరిడమ్మ టోపీ పెట్టుకున్న రోజు రాలేదు. ఆ రోజు ఆవిడ ఇంట్లో మిగిలిన కాసిని నీళ్లు పిల్లలకి పట్టి, తను తాగలేదు.

ఆ నంబరు వచ్చిన సోమవారం చైత్రిక అనే పిల్ల కుర్చీలోంచి లేచి వెక్కివెక్కి ఏడ్చింది. చైత్రిక తండ్రికి రొయ్యల చెరువులున్నాయి, ఇంట్లో సొంత నీటిశుద్ధి యంత్రం ఉంది. ఆ పిల్లకి అంతవరకు దాహం అంటే ఫ్రిజ్ తలుపు తీసేదాకా ఉండేదే. మధ్యాహ్నం స్నేహితురాళ్లు నీళ్ల సీసా ఇస్తే పుచ్చుకోలేదు. సాయంత్రం విశాలాక్షిని వెంటబెట్టుకుని ఉప్పుపేట వెళ్లి మరిడమ్మ ఇల్లు వెతికి, గుమ్మంలో నిలబడి ఏం చెప్పాలో తెలియక ఆవిడ చేతులు పట్టుకుంది. మరిడమ్మకి నవ్వు వచ్చింది. నీకేటయిందమ్మా, ఏడుస్తావేటి అని చీరచెంగుతో ఆ పిల్ల మొహం తుడిచింది.

తరవాత మూడు నెలలు చైత్రిక ఊరుకోలేదు. బడి పిల్లలందరి చేత సంతకాలు పెట్టించింది. కౌన్సిల్ సమావేశానికి వెళ్లి, సభ్యులు ఒక్కొక్కరు పన్నెండు నిమిషాలు ఆ పీఠంలో కూర్చోవాలని అడిగింది. పిల్ల అడిగింది కదా అని నలుగురు కూర్చున్నారు. ఆ వేసవికే ఉప్పుపేటకి పైపులైను పడింది. కుళాయి తిప్పిన రోజు మరిడమ్మ మొదటి చెంబు నీళ్లు విశాలాక్షి చేతిలో పెట్టింది. ఆ సంగతి రాష్ట్రంలో టీచర్ల శిక్షణ తరగతులన్నిటిలోనూ పాఠమైంది. దాన్ని చెప్పడానికి ప్రతి ఏడూ విశాలాక్షినే పిలిచేవారు.

పద్దెనిమిదేళ్లు గడిచాయి. విశాలాక్షి ఉద్యోగ విరమణకి ఇంకా మూడు నెలలున్నాయనగా చైత్రిక సింగరేవుకి మునిసిపల్ కమిషనర్‌గా వచ్చింది. ఆ వార్త విని బళ్లో మిఠాయి పంచిపెట్టింది టీచరే.

నెల తిరగలేదు, ఉప్పుపేట కుళాయిలకి కొత్త వేళలు వచ్చాయి. ఊరి మొత్తానికి నీళ్లిచ్చేది సముద్రపు నీటిని మంచినీరు చేసే ఒకే ఒక్క కేంద్రం. కొత్తగా కట్టిన రేవు కాలనీకి అక్కణ్ణించే ఇరవై నాలుగు గంటలూ నీళ్లివ్వాలని నిర్ణయమైంది. ఆ మేరకు ఉప్పుపేటకి తగ్గించారు. ఇకనుంచి మూడు రోజులకోసారి నలభై నిమిషాలు. ఉత్తర్వు కింద చైత్రిక సంతకం ఉంది.

పొరపాటు జరిగి ఉంటుందని విశాలాక్షి మరిడమ్మతో చెప్పింది. ఆ పిల్ల సంగతి తనకి తెలుసునని, వెళ్లి ఒక్క మాట చెబితే చాలునని నచ్చచెప్పి ఆవిణ్ణి వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్లింది.

చైత్రిక లేచి ఎదురొచ్చింది. టీచరు కాళ్లకి నమస్కరించింది, మరిడమ్మని తన పక్క కుర్చీలో కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించింది. మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని కూడా అడిగింది. అప్పుడు విశాలాక్షి నీళ్ల మాట ఎత్తింది. పొరపాటేమీ లేదని చైత్రిక నెమ్మదిగా చెప్పింది. రేవు కాలనీలో ఉండబోయేవాళ్లు పెద్దవాళ్లు. ఒక్క పూట నీళ్లాగినా పైనుంచి ఫోన్లు వస్తాయి. ఉప్పుపేటనుంచి ఎవరూ చేయరు.

"కానీ నీకు తెలుసు కదమ్మా," అంది విశాలాక్షి. "ఆ దాహం ఎలా ఉంటుందో ఈ ఆఫీసులో నీకొక్కదానికే తెలుసు."

"తెలుసు టీచర్. అందుకే మూడు రోజులని రాయగలిగాను." చైత్రిక గొంతులో దాపరికం లేదు. "ఇంజనీర్లు వారానికోసారి చాలన్నారు. నేను ఒప్పుకోలేదు. పదిహేడో నంబరు ఇప్పటికి నలభై సార్లు చూశాను, ట్యాంకరు రోజుల్లో నమోదైన ఆ పేటవాళ్లవి మిగతావీ చూశాను. మొదటి రోజు కోపం వస్తుంది. రెండో రోజుకి ఆ కోపం చల్లారి సర్దుకోవడం మొదలవుతుంది. నాలుగో రోజైతే కోపం మళ్లీ వచ్చి రోడ్డెక్కుతారు. మూడో రోజు కుళాయి వదిలితే చాలు, ఊరట తప్ప ఏమీ ఉండదు. దణ్ణం కూడా పెడతారు."

మరిడమ్మ చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆ అమ్మాయి మొహంలోకి చూసింది.

"నా ఒంట్లోకి దూరి, నా పేగుల్లోకి తొంగి సూసి, ఇదేనా అమ్మా నేర్సుకున్నావు?" అంది.

చైత్రిక కళ్లు చెమర్చాయి. అబద్ధపు కన్నీళ్లు కావు, ఆ సంగతి విశాలాక్షికి తెలుస్తూనే ఉంది. మీరు పడే బాధ నేను పడుతూనే ఉన్నాను పెద్దమ్మా అని చైత్రిక ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది. మరిడమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, గ్లాసు బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. టీచరు కోసం కూడా ఆగలేదు.

మర్నాడు విశాలాక్షి బస్సెక్కి శిక్షణ కేంద్రానికి వెళ్లింది. డెబ్బై ఎనిమిదేళ్ల యోహాను ఇప్పటికీ ఆ భవనం పైఅంతస్తులో ఒక గదిలో పనిచేసుకుంటూ ఉండేవాడు. ఆయన అంతా విని లేచి ఒక అర తెరిచాడు. రెండేళ్లుగా అధికారుల రోజులు కూడా నమోదు చేస్తున్నామని, పాలించేవాడి కష్టం ప్రజలకి తెలియాలన్నది వాళ్ల కోరికేనని చెప్పాడు. చైత్రిక తనంత తానుగా ముందుకొచ్చింది. ఉత్తర్వు మీద సంతకం చేసిన రోజు ఆమె తలకి టోపీ ఉంది. చూస్తారా అని అడిగాడు.

విశాలాక్షి కూర్చుంది. లోపల రాయి తగులుతుందని ఆవిడ సిద్ధపడింది. నిర్లక్ష్యం, అధికార గర్వం, పై అధికారి భయం, వీటిలో ఏదో ఒకటి కనబడితే, దాన్ని అసహ్యించుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు.

పన్నెండు నిమిషాలయ్యాక టోపీ తీస్తూ యోహాను ఏముందని అడిగాడు. ఆవిడకి నోరు ఆర్చుకుపోయి ఉంది.

"ఆ పిల్ల నిజంగానే బాధపడింది డాక్టరు గారూ. సంతకం పెట్టేముందు గొంతు ఎండిపోయింది, మరిడమ్మకి ఎండినట్టే. గుండె పట్టేసినట్టయింది. ఏడ్చింది కూడా. ఏడ్చాక హాయిగా ఉంది. గోరువెచ్చగా ఒంటినిండా పరుచుకుంది. నేను మంచిదాన్ని, నాకు మనసుంది అన్నట్టు ఒక నిండుదనం. ఆ నిండుదనంలోనే సంతకం పెట్టింది. చెయ్యి వణకలేదు."

ఆ హాయి తనకి కొత్తది కాదని మాత్రం ఆవిడ కొంత తడబడి చెప్పింది. పద్దెనిమిదేళ్లుగా పీఠంలోంచి లేచిన ప్రతిసారీ తను అనుభవించింది అదే. పిల్లలు కళ్లు తుడుచుకుంటూ లేచినప్పుడు వాళ్ల మొహాల్లో కనబడే ఆ వెలుగు చూసే, పాఠం అందిందని తను సంబరపడేది. ఉప్పుపేట పైపులైను తరవాత ఆ బడినుంచి మరో పైపులైను ఎక్కడా పడలేదు. ఆ సంగతి ఆవిడకి ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. ఏళ్ల తరబడి వందల మంది పిల్లలు ఏడ్చారు, తేలికపడ్డారు, ఇళ్లకి వెళ్లి భోజనాలు చేశారు.

ఆ చివరి హాయిని పీఠంలోంచి తీసేయడానికి వీలుందా అని విశాలాక్షి అడిగింది. బాధ ఒక్కటే మిగిలేలా చేస్తే, అది పోవాలంటే ఏదైనా చేసి తీరాలి కదా అంది.

యోహాను టోపీని జాగ్రత్తగా మడిచి పెట్టెలో పెట్టాడు.

"మొట్టమొదట చేసింది అలాంటిదేనమ్మా. ఏడ్చాక వచ్చే ఆ హాయిని నాడుల్లోనే అడ్డుకునేవాణ్ణి. మూడు వందల మందిని కూర్చోబెట్టాను, చదువుకున్నవాళ్లని, మంచివాళ్లని. రెండోసారి కూర్చుంటానన్నవాడు ఒక్కడు లేడు."

విశాలాక్షి మెట్లు దిగి వచ్చేసరికి కింది హాల్లో ఆ ఏడాది కొత్త టీచర్ల మొదటి విడత ముగిసింది. నలభై మంది కళ్లు తుడుచుకుంటూ బయటికి వస్తున్నారు. వాళ్లలో ఒక పడుచు టీచరు ఆవిణ్ణి గుర్తుపట్టి, మెరిసే మొహంతో దగ్గరికి వచ్చింది.

"మనసంతా తేలికయింది మేడం," అంది.