గొడ్డు దాణా

జనగామ స్టేషన్‌లో టీ గ్లాసు చేతిలో ఉండగానే యోసేపు కుప్పకూలాడు. మెడ మీద సూది గుచ్చిన ఆనవాలు. పక్కన పెట్టుకున్న టిఫిన్ బాక్స్ మాయం. చచ్చినవాడు ఇంటెలిజెన్స్ కొరియర్.

అది 1986. హైదరాబాద్ ఆఫీసులో చీఫ్ కరుణాకర్, ఏజెంట్ జమ్లీ ముందు చిటికెడు తెల్లపొడి పెట్టాడు.

"యోసేపు అంతకుముందు పంపిన శాంపిల్‌లో ఇదే మిగిలింది. డెర్రిక్ అనే విదేశీయుడు పశువుల డాక్టర్ వేషంలో మహబూబాబాద్ తండాల్లో ఉచితంగా దాణా పంచబోతున్నాడు. అందులో కలిపేది ఇదే."

పక్కనే ఉన్న సైంటిస్ట్ డాక్టర్ అహల్య అందుకుంది. "కడుపుతో ఉన్న ఎలుకలకు పెట్టి చూశాను. వాటికేం కాలేదు. పిల్లలూ బొద్దుగా పుట్టాయి. కానీ ఆ పిల్లలకు పిల్లల్లేవు."

"ఎందుకట్ల?"

"కడుపులో ఉండగానే పిండంలో జెర్మ్ సెల్స్ తయారవుతాయి. రేపటి అండానికి, వీర్యానికి అవే మూలం. జన్యువుల మీద తల్లీ తండ్రీ వదిలిన గుర్తుల్ని అవి తుడిచేసి, కొత్తవి రాసుకోవాలి. ఈ మందు ఆ తుడుపును ఆపేస్తుంది. తుడవని పలక మీద కొత్త పాఠం ఎలా రాస్తాం?"

జమ్లీ పళ్లు కొరికింది. తిన్న బర్రె బాగానే ఉంటుంది. పుట్టిన దూడ గొడ్డుపోతుంది. ఆ తర్వాత ఊళ్లకు ఊళ్లు పశువుల కోసం డెర్రిక్ ముఠా గుమ్మం ముందు నిలబడాలి.

"మారువేషం ఏం వేస్తావ్?" అడిగాడు చీఫ్.

"వేషమేంది సార్? మా అమ్మ లంబాడీ అద్దాల బట్టలున్నయ్. గవి చాలు."

స్టేషన్ ఘన్‌పూర్ బస్టాండ్‌లో షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలతో సులోచన కనిపించింది. పైకి డెర్రిక్ సెక్రటరీ, లోపల కరుణాకర్‌కు కబుర్లు చేరవేసే మనిషి.

"వరంగల్ బస్సు పోయిందా?" అడిగింది సులోచన.

"పోయింది. డ్రైవరే దిగిండు."

కోడ్ కుదిరింది. సులోచన నవ్వుతూ చిన్న పిస్టల్ అందించింది. జమ్లీ మ్యాగజైన్ తీసి చూసింది. తూటాలు నిండుగా ఉన్నాయి. అయినా ఆ నవ్వు ఎందుకో నచ్చలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం తండాలో లారీ ఆగింది. డెర్రిక్, సులోచన, వాళ్ల మనుషులు దిగారు. వరసగా తొట్లు, వాటి నిండా దాణా. చూడి బర్రెలు తాళ్లు తెంపుకునేలా గుంజుతున్నాయి. జమ్లీ నెత్తి మీది గడ్డిమోపు విసిరేసి పిస్టల్ తీసింది.

"డెర్రిక్! చేతులెత్తు!"

అతను చేతులెత్తకపోయేసరికి జమ్లీ ట్రిగ్గర్ నొక్కింది. టక్. పేలలేదు.

"తూటాల్లో మందు లేదు డార్లింగ్," అంది సులోచన, తన పిస్టల్ ఎక్కుపెడుతూ.

డెర్రిక్ నవ్వుతూ వచ్చీరాని తెలుగులో అన్నాడు. "ఎలుకల పని అయింది. ఇప్పుడు బర్రెలు. ఈ తండాలో నన్ను అడిగేవాడెవడు?"

"మా బర్రెలు నీ ఎలుకలు కావు. మేమూ కాము!"

జమ్లీ లంబాడీలో గొంతు చించుకుంది. "యాడీ, అమ్మలారా! ఈ దాణా తింటే మన దూడలన్నీ గొడ్డుపోతాయి! బర్రెల్ని మళ్లించండి!"

ఆ మాట డెర్రిక్‌కు అర్థం కాలేదు. తండా పెద్దమ్మ తారికి అర్థమైంది. ఆమె కొడవలి అందుకోగానే ఆడవాళ్లంతా లారీ మీదికి వచ్చారు. ఒక బర్రె మాత్రం అప్పటికే తొట్టిలో మూతి పెట్టబోతోంది. జమ్లీ దూకి తొట్టిని తలకిందులు చేసింది. అదే క్షణంలో సులోచన కాల్చింది. తూటా జమ్లీ భుజాన్ని చీల్చుకుంటూ పోయింది. ఆ మోతకు బెదిరిన బర్రెలు తాళ్లు తెంపుకుని డెర్రిక్ మనుషుల మీదుగా పరుగెత్తాయి. తారి కొడవలి పిడి దెబ్బకు సులోచన చేతిలో పిస్టల్ ఎగిరిపడింది.

"ఇగ అడుగుతున్నం, చెప్పు దొరా," అంటూ తారి డెర్రిక్‌ను పలుపుతాడుతో బిగించింది.

సాయంత్రం మహబూబాబాద్ పోలీస్ స్టేషన్‌కు ట్రంక్ కాల్ వచ్చింది. భుజానికి కట్టుతోనే జమ్లీ ఫోనందుకుంది.

"డెర్రిక్ నోరు విప్పాడా?" అడిగాడు కరుణాకర్.

"విప్పిండు సార్. ఒక్కటే మాట, ఆకలి ఆకలి అంటున్నడు. ఈడ దాణా బస్తాలు మస్తుగున్నయ్. పెట్టుమంటరా?"