దీవిని దొంగిలించిందెవరు?

రాయగడ బజారు వీధి మేడగదిలో డిటెక్టివ్ నీలవేణి కుర్చీ చూపించినా ఆ పెద్దాయన కూర్చోలేదు. సంచిలోంచి ఒక కొత్త పుస్తకం తీసి బల్ల మీద పడేశాడు.

“ఇది నాను రాసిన పుస్తకం, పేరు ఇంకెవడిదో. దొంగ నా మేనకోడలే. రుజువు సూపిస్తే సాలు.”

అసిస్టెంట్ పృథ్వి పుస్తకం అందుకున్నాడు. ‘బెలకుద దీవి జీవితం’, రచన: ద్వీపవాసి. కొలాబ్ ఆనకట్ట నిండినప్పుడు మునగకుండా మిగిలిన కొండకొన బెలకుద. ఈ పెద్దాయన, సెమిలిగుడ రిటైర్డ్ మేష్టారు మన్మథరావు, ఏళ్ళ తరబడి పడవెక్కి తిరిగి, ఆ దీవి మనుషుల చరిత్ర, పిట్టలు, చేపలు, ఆచారాలు రాశాడు. అచ్చుకిచ్చేలోపే పుస్తకం మరో పేరుతో వచ్చేసింది. అచ్చువేసినవాళ్ళకు రాతప్రతి టపాలో అందిందట. పంపినవారి చిరునామా తప్పుడుది.

“మేనకోడలి మీదే ఎందుకండీ అనుమానం?”

“సాఫుప్రతి రాసింది అదే. తల్లీతండ్రీ లేని పిల్లని పెంచితే ఇదా? ఇంట్లోంచి పొమ్మన్నాను.”

మర్నాడు సెమిలిగుడలో నీలవేణి ముగ్గురితో మాట్లాడింది. మేనకోడలు బిందుశ్రీ కళ్ళు పొడిగా ఉన్నాయి. “రాసేను, బీరువాలో పెట్టేను. ఎవలికీ ఇవ్వలేదు. మావయ్య నమ్మడు.”

ఊళ్ళో ప్రెస్సు నడిపే రఘు విసుక్కున్నాడు. “కర్చెంతవుద్దో లెక్కేయడానికి మేష్టారిచ్చిన కాగితాలు కొన్నాళ్ళు నా దగ్గరున్న మాట నిజం. నా పనికే తీరిక లేదు, ఈ పని నాకేటి?”

మేష్టారింటి ఎదురు బట్టల కొట్టు త్రినాథరావు ఆయన చిన్ననాటి స్నేహితుడు. సాయంత్రాలు మేష్టారు తను రాసింది చదువుతుంటే వినేది ఆయనే. “ఆ కాగితాలు నేను కంటితో చూడలేదమ్మా, వినడమే. మా వాడి నోట్లో చేప కాస్తా సేప అయిపోతుంది. నేను మనసులోనే దిద్దుకునేవాణ్ణి.”

“ఈడు రెండేళ్ళు ఇజీనగరంలో సదివేడు కదా. అప్పట్నించీ మనం మోటోళ్ళమైపోయేం,” అన్నాడు పక్కనే ఉన్న మన్మథరావు.

సాయంత్రం నీలవేణి అందర్నీ మేష్టారి వసారాలో కూర్చోబెట్టి, సాఫుప్రతినీ పుస్తకాన్నీ పక్కపక్కన తెరిచింది.

“ఏటా మొదట పడిన చేపను, నీళ్ళలో మనిషిని పోగొట్టుకున్న ఇంటికి ఇవ్వడం బెలకుద ఆచారం. దాని పేరు సాపరి. సాఫుప్రతిలో అలాగే ఉంది. పుస్తకంలో చాపరి అని పడింది. పైగా, చేపను చాప మీద పెట్టి ఇస్తారు కనుక ఆ పేరని వివరణ కూడా.”

“సాపా?” మన్మథరావు తెల్లబోయాడు. “నానలా రాయలేదే.”

“రాయలేదు. చాప తెలుగు మాట. దీవివాళ్ళది దేశియా అనే వేరే భాష. ఈ మాటను కాగితం మీద చూసినవాళ్ళు సాపరి అనే రాస్తారు. చూసింది బిందుశ్రీ, రఘు. మీ నోట మాత్రమే విన్నవారు, మీరు చాపను సాప అన్నట్టే దీన్నీ పలికారనుకుని దిద్దేశారు. అవునా, త్రినాథరావుగారూ?”

త్రినాథరావు కండువా మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

“విన్నది విన్నట్టు ఇంటికెళ్ళి రాసుకునేవాణ్ణి. జీవితమంతా బట్ట కొలిచాను. బాగుందని నలుగురూ అంటే, మలి ముద్రణలో నా పేరు వేసుకుందామనుకున్నాను.”

“పిల్లని పొమ్మంటుంటే నా పక్కనే ఉన్నావు కదరా,” అన్నాడు మన్మథరావు. త్రినాథరావు మెట్లు దిగిపోయాడు.

మేష్టారు స్నేహితుడు వెళ్ళిన వైపే చాలాసేపు చూశాడు. తర్వాత బిందుశ్రీ వైపు తిరిగాడు.

“దొంగ నువ్వే అయ్యుంటే బాగుణ్ణమ్మీ. నిన్నయితే తిట్టీసి మల్లా అన్నం పెట్టీవోణ్ణి. ఆడు పోనాక నాకింకెవలున్నారు?”

ఇప్పుడైనా ఆ అమ్మాయి ఏడుస్తుందనుకున్నాడు పృథ్వి. ఆమె ఏడవలేదు. నీలవేణి దగ్గరకు వచ్చి నెమ్మదిగా అడిగింది.

“మీ జీపులో రాయగడ దాకా సోటుంటాదా, అక్కా?”

నీలవేణి తెలివిని పొగడబోయిన పృథ్వి ఆ మాట మింగేసి, వెళ్ళి జీపు తలుపు తీశాడు.