నిండుకున్న రేకు

సుంకులమ్మ పప్పు దించుతుండగా గోడలోంచి విచారిణి, రేకుల లెక్క అడిగే యంత్రం, పలకరించింది.

“నమస్కారం. మీ గాలిపెట్టెలో రేకు ఎలా ఉంది?”

తీగల కరెంటు పోయాక బేతంచెర్లలో ఇంటింటికీ ఒక గాలిపెట్టె వచ్చింది. పెట్టెలో ఆమ్లం, ఆమ్లంలో అల్యూమినియం రేకు. గాలి తగిలితే రేకు కరుగుతూ కరెంటునిస్తుంది. వట్టి అల్యూమినియాన్నయితే ఆమ్లం ఊరికే తినేసి బుడగలు మిగిల్చేది. పండితులు అందులో వేరే లోహాలు చిటికెడు కలిపి ఆ తిండి మాన్పించారు. ఇప్పుడు రేకు చివరి పొర దాకా ఒకే బలంతో పనిచేస్తుంది. అందుకే ఎంత మిగిలిందో మీటరుకు అందదు. కంటితో చూసి నోటితో చెప్పాలి. అన్ని చదువులూ చదివి చివరికి మనిషి నోటి మీదికే తెచ్చారు.

ఆమె పెట్టె అద్దంలోకి వంగి చూసింది. రేకు ఉల్లిపొరలా ఉంది. పక్కన మంచం మీద మొగుడు మద్దిలేటి. నాపరాళ్ళ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకున్నవాడు, ఆ పెట్టె కరెంటుతో నడిచే ఊపిరియంత్రం మీద బతుకుతున్నవాడు.

“నిండుకునింది నాయనా” అందామె. బియ్యం అడుగంటినా, ఉప్పు అడుగంటినా ఆడవాళ్ళు అనే మాటే.

“సంతోషం. రేకు నిండుగా ఉన్నట్టు నమోదు చేశాం.”

“మనింట్లో లేకపోతే దానికి సంతోషమంటనే!” మద్దిలేటి నవ్వబోయి దగ్గాడు.

“అట్ల కాదు సామీ, నిండుకునిందంటే…” సుంకులమ్మ గోడకు చెప్పబోయింది.

“ఉంది, అయిపోయింది. రెండిట్లో ఒకటి చెప్పండి.”

మంచాన మనిషిని పెట్టుకుని ఆ రెండో మాట ఏ ఇల్లాలంటుంది? “నిండుకునింది!” అని అరిచింది సుంకులమ్మ.

“సంతోషం.”

చివరి పొర కూడా కరిగి ఊపిరియంత్రం చప్పుడు మందగించింది. మద్దిలేటి పెదాలు నల్లబడ్డాయి.

“అనవే. ఒక్క మాటే కదా.”

“నా నోట రాదు.”

“దానికి నీ నోరే కావల్లనా?” అతను ముక్కు మీది గొట్టం లాగేసి గోడవైపు తిరిగాడు. “అయిపోయింది!”

“ధన్యవాదాలు. కొత్త రేకు బయలుదేరింది.”

అది క్షణాల్లో డ్రోను మీద ఎగురుతూ వచ్చి గుమ్మంలో దిగింది. సుంకులమ్మ రేకు మార్చి, గొట్టం మళ్ళీ అతని ముక్కుకు పెట్టింది. యంత్రం మళ్ళీ అందుకుంది. పెదాలకు రంగు తిరిగాక మద్దిలేటి కులాసాగా అన్నాడు.

“బతికినా కదే, ఇంగ మొగమట్ల పెట్టుకుంటివేం?”

ఆమె అతనివైపు చూడలేదు.

“కడకు నేననల్సిన ఆ మాట నీ నోటితోనే నాకు వినిపిస్తివి. ఇంగ ఆ దినం వచ్చినప్పుడు నేను ఏమని ఏడ్చల్ల?”